నలభై ఒక్కరు విన్నారు, ఒక్కడు చూశాడు

లూదియమ్మ గురించి నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా ఒక కథ నడిచేది. పాతికేళ్ళ కిందట ఆమెకు నంద్యాలలో పెళ్ళి కుదిరింది. చర్చి నిండా జనం. పెండ్లికొడుక్కు పాణ్యం దగ్గర ఎనిమిదెకరాల నల్లరేగడి ఉందని పాదిరిగారు అందరి ముందూ పొగిడారు. లూదియమ్మ ముసుగు పైకెత్తి, "మీరు చూసినారా?" అని అడిగింది. పాదిరిగారి చేతిలో పుస్తకం జారి కాలి మీద పడింది. పెండ్లికొడుకు లేచి పాణ్యం దారి పట్టినవాడు మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదు.

ఈ కథను ఎవరూ అనుమానించలేదు. లూదియమ్మతో ఒక్క పూట గడిపినవాళ్ళు అనుమానించలేరు కూడా. ఆమెకున్న జబ్బు అదొక్కటే. ఎవరేం చెప్పినా, అది వానైనా పెళ్ళైనా చావైనా, కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి, "నువ్వు చూసినావా?" అనేది.

"లూదియమ్మా, బస్సు పోయింది" అంటే, "నువ్వు చూసినావా?"

"పాములపాడులో పెద్ద వానంట" అంటే, "నువ్వు తడిసినావా?"

ఒకసారి వీధిలో ఒకతను తలకు తువ్వాల చుట్టుకుని ఏడుస్తూ పరుగెత్తుతున్నాడు. సంజామలలో అవ్వ పోయిందని కబురు వచ్చింది. లూదియమ్మ అడ్డం నిలబడి, "నువ్వు చూసినావా అప్పా?" అంది. చూసినవాళ్ళందరూ ఆమెను తిట్టిపోశారు. ఆ మనిషి సంజామల పోయి చూస్తే అవ్వ అరుగు మీద కూర్చుని సంగటి తింటోంది. పోయింది అవ్వ కాదు, అవ్వ మేక. అప్పటినుంచి లూదియమ్మను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిది వేసవిలో ఆమె ఆళ్ళగడ్డకు మూడు మైళ్ళ దూరంలో ఉన్న ఒక మట్టి మిద్దెల ఊరికి వచ్చి, ఓబయ్య ఇంటి ముందరి కొట్టంలో దిగింది. వయసు నలభై అయిదు దాటింది. అంతకుముందు టీచరు. ఇప్పుడు నంద్యాలలో పల్లెల స్థితిగతులు సర్వే చేసే ఒక ఆఫీసులో ఉద్యోగం. పల్లెలో ఉండి, చూసి, రాసి పంపాలి. తెల్ల చీర, మగవాళ్ళ తోలు చెప్పులు, భుజాన గుడ్డసంచి. కొప్పులో పువ్వు ఉండాల్సిన చోట ఒక పెన్సిలు. ఆ పెన్సిలుకు ఒక కొన ఎరుపు, ఇంకో కొన నీలం. కళ్ళతో చూసింది నీలంలో రాస్తుంది. చెవులతో విన్నది ఎర్రలో రాస్తుంది. ఎన్ని పెన్సిళ్ళు మార్చినా ఎర్ర కొనే ముందు అరిగిపోయేది.

ఓబయ్య పదిహేనెకరాల రైతు. పెద్ద గొంతు, తెల్ల మీసం, ఎండైనా వానైనా చేతిలో నల్లగొడుగు. అతని భార్య కృష్ణమ్మ మొదటి రోజే లూదియమ్మకు ఒక చెంబు తెచ్చి కొట్టం గడప దగ్గర పెట్టింది.

"ఇది నీకమ్మా. నీళ్ళకు."

"ఇంట్లో వాడే చెంబు కాదు గదా ఇది?"

కృష్ణమ్మ తలుపు వైపు చూసింది. "వేరేది."

లూదియమ్మ కోపం తెచ్చుకోలేదు. కొప్పులోంచి పెన్సిలు లాగి, నీలం కొనతో నోటుబుక్కులో మొదటి మాట రాసింది: "చెంబు వేరే. చూసినది."

తలుపు చాటునుంచి దీన్నంతా గమనించింది ఓబయ్య కూతురు కమలాక్షి. పదిహేనేళ్ళ పిల్ల. గట్టిగా మాట్లాడితే తన గొంతుకు తనే ఉలిక్కిపడే రకం. చెనక్కాయలు చుట్టి తెచ్చిన పాత పేపరు ముక్కలు విప్పి, మడతలు చదును చేసి, పశువుల ధరల దాకా చదివేది. ఆమె బడి మానేసి రెండేళ్ళయింది. ఎనిమిదో తరగతి సగంలో ఆగింది. జూన్‌లో బడి తెరిచే లోపల చేరకపోతే పేరు రిజిస్టరులోంచి పూర్తిగా తీసేస్తామని హెడ్మాస్టరు చివరి కబురు పంపాడు. ఆ కబురు ఓబయ్య చొక్కా జేబులో మడతపడి ఉంది.

బడి ఎందుకు ఆగిందంటే ఒక గొడుగు వల్ల.

రెండేళ్ళ కిందట ఒక పొద్దున ఓబయ్య ఆళ్ళగడ్డ పోయి, తన గొడుగు బస్సులోనే మరిచి దిగాడు. సాయంత్రం కమలాక్షి ఆళ్ళగడ్డ బడినుంచి వస్తూ బస్టాండు దగ్గరికి వచ్చింది. అదే బస్సు కండక్టరు ఆమెను గుర్తుపట్టి, "ఓబయ్యన్న కూతురివి గదా, ఇంద" అని కిటికీలోంచి గొడుగు అందించాడు. ఆమె తీసుకుంది. ఇంటికి తెచ్చి చిలక్కొయ్యకు తగిలించింది. జరిగిందంతా అంతే.

మూడో రోజుకు ఊళ్ళో, "ఓబయ్య కూతురికి బస్సు కండక్టరు ఏందో ఇచ్చినాడంట" అని పుట్టింది. ఓబయ్య చావడిలో అది విని ఇంటికి వచ్చి, "రేపట్నించి బడి ల్యా" అన్నాడు. ఏమిచ్చాడని అడగలేదు. అడగని దానికి తానుగా నోరు విప్పి జవాబు చెప్పడం కమలాక్షికి చేతకాలేదు. మరునాడు ఓబయ్య చిలక్కొయ్య మీది గొడుగు తీసుకుని చేనికి పోయాడు. రెండేళ్ళుగా రోజూ పోతూనే ఉన్నాడు.

లూదియమ్మకు నంద్యాల ఆఫీసు ఇచ్చిన పని చాలా గంభీరమైనది: "పల్లెలో ఒక వార్త ఎట్లా వ్యాపిస్తుంది?" కొత్తగా వచ్చిన సీమ ఎరువు, అంటే బస్తాల్లో వచ్చే రసాయన ఎరువు గురించి ఎవరు విన్నారు, ఎవరి ద్వారా విన్నారు, ఎన్ని రోజులకు విన్నారు. ఇవన్నీ గళ్ళు గీసి రాయాలి. ఆమె గేరు, అంటే ఎర్రమట్టి కలిపి ఇంటింటి తలుపు మీదా నంబరు వేసింది. తలుపుల మీద పన్ను వస్తోందని వెంటనే పుకారు పుట్టింది. ఆమె తిరగడం మొదలుపెట్టింది.

"సీమ ఎరువు గురించి విన్నారా?"

"ల్యా."

"సీమ ఎరువు..."

"అదేందీ?"

పది రోజులు తిరిగితే, ఆ ఎరువు సంగతి తెలిసిన ఇల్లు ఒక్కటే దొరికింది. అది ఎరువు గురించి ఊరికి చెప్పడానికి వచ్చిన గ్రామసేవకుడు అద్దెకుండే ఇల్లు.

లూదియమ్మ కొట్టం ముందు మంచం మీద కూర్చుని, గళ్ళన్నీ ఖాళీగా ఉన్న కాగితం వైపు చాలాసేపు చూసింది. అప్పుడే పక్కింటి సుబ్బలక్ష్మమ్మ వచ్చి గోడ మీదినుంచి తొంగి చూసింది. ఊళ్ళో పాలు పితికే వేళకు ఏ ఇంట్లో ఏం జరిగిందో పొయ్యి రాజేసే వేళకు అన్ని ఇళ్ళకూ చేర్చే మనిషి ఆమె.

"ఏందమ్మా దిగులుగుండావ్?"

"ఈ ఊళ్ళో వార్తలు నడవవమ్మా."

సుబ్బలక్ష్మమ్మకు తల కొట్టేసినట్టయింది. "మా ఊళ్ళోనా! ఎవురన్నారు? అదో ఆ ఇంట్లో పిల్లకు కండక్టరు పట్టుచీర పెట్టిన సంగతి ఒక్క దినంలో ఊరంతా తెలిసింది, ఎరుకనా?"

లూదియమ్మ కళ్ళద్దాలు ముక్కు మీదికి దిగాయి.

"నువ్వు చూసినావా?"

"చూసేదేంది, ఊరంతా అంటాండారు గదా!"

"నీకెవరు చెప్పినారు?"

"నారాయణ పెండ్లాం."

పెన్సిలు ఎర్ర కొన కాగితం మీద నడిచింది.

మరునాటినుంచి ఊళ్ళో ఏ గడపలో చూసినా లూదియమ్మే. ఎరువు మాట వదిలేసింది. "కండక్టరు ఏమిచ్చినాడు? ఎవరు చెప్పినారు? నువ్వు చూసినావా?" పద్నాలుగో నంబరు ఇంట్లో ఉంగరం. ఇరవై రెండో ఇంట్లో పట్టుచీర. ఏడో ఇంట్లో మల్లెపూల పొట్లం, అందులో చీటీ. ముప్పయ్యో ఇంటి ముసలాయన మాత్రం, "రేడియో ఇచ్చినాడమ్మా" అన్నాడు. ఆ ఊరివాళ్ళెవరూ అప్పటికి రేడియోను చూసి ఎరగరు.

కమలాక్షికి ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళ కిందటి బూడిదను ఈ మనిషి ఇంటింటికీ పోయి ఊది మళ్ళీ రాజేస్తోంది. బావి దగ్గర మళ్ళీ గుసగుసలు. మళ్ళీ తలలు దగ్గరవడాలు. ఒక మధ్యాహ్నం లూదియమ్మ నిద్రపోతుంటే నోటుబుక్కు తెరిచి చూసింది. పుట నిండా ఎరుపు. పుండు కెలికినట్టు ఎరుపు.

"చూసినావా?" అని వెనకనుంచి గొంతు వినిపించింది. లూదియమ్మ కళ్ళు మూసుకునే ఉంది.

కమలాక్షి మొదటిసారి తల దించుకోకుండా నిలబడింది.

"ఊరందరినీ అడుగుతాండావ్," అంది చివరకు. "నన్ను అడగలేదే?"

"నిన్నడిగితే నీ మాట అంటారు పాపా. చూసినోళ్ళు వేరే కావల్ల." ఆమె పక్కకు తిరిగి మళ్ళీ పడుకుంది. ఆ మాట అర్థం కాక కమలాక్షికి ఇంకా కోపం వచ్చింది. ఆ పూట చెంబులో నీళ్ళు నింపడం కావాలనే మరిచిపోయింది.

ఊళ్ళో పెద్దలు నంద్యాలకు అర్జీ పెట్టారు. వారానికి ఆఫీసు జీపు వచ్చింది. దిగింది సూపర్వైజరు బాలస్వామి. ఇస్త్రీ చొక్కా, చేతిలో అర్జీ. కొట్టంలో అడుగు పెట్టకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. కమలాక్షి తలుపు చాటున ఉంది.

"ఏందమ్మా ఇది? ఎరువు గురించి అడిగితే ఊరి కబుర్లు రాస్తాండావంట?"

"ఎరువు వార్త నడవలేదు సార్. నడిచే వార్తను పట్టుకున్నా. మీరడిగింది వార్త ఎట్ల నడుస్తాదనే గదా."

"అది వార్తా? ఒక తలతిక్క పిల్ల కండక్టరు దగ్గర ఉంగరం పెట్టించుకుంటే..."

"మీకెవరు చెప్పినారు సార్?"

"జీపు డ్రైవరు. వచ్చేటప్పుడు దోవలో."

"మీరు చూసినారా?"

"నేనెందుకు చూస్తా!"

లూదియమ్మ కొప్పులోంచి పెన్సిలు తీసి, ఎర్ర కొనతో నిదానంగా రాసింది. "నలభై ఒకటి. ఉంగరం. జీపులో విన్నది." తలెత్తి నవ్వింది. "మన ఆఫీసు కూడా లెక్కలోకి వచ్చింది సార్. సంతోషం."

బాలస్వామి ముఖం గేరు రంగుకు తిరిగింది. "ఈ రిపోర్టు పంపితే నీ ఉద్యోగం ఉండదు."

"పంపకపోతే నేనుండను."

"మొండితనమా ఇది?"

"పని సార్. శనివారం పొద్దున చావడిలో చదివి వినిపిస్తా. తప్పుంటే జనమే దిద్దుతారు. మీరూ రండి."

అది ఆమె అలవాటు. ఏ ఊళ్ళో రిపోర్టు రాసినా ఆ ఊళ్ళోవాళ్ళకే ముందు చదివి వినిపించేది. వాళ్ళు ఒప్పుకోని అక్షరం పంపేది కాదు. ఆఫీసులో దీన్ని పిచ్చి అనేవాళ్ళు.

శుక్రవారం ఆమె ఎవరికీ చెప్పకుండా ఆళ్ళగడ్డ పోయింది. పొద్దు వాలేసరికి దుమ్ము కొట్టుకుని తిరిగి వచ్చింది. ఆ రోజు నోటుబుక్కులో నీలం గీత ఒకటే పడింది.

శనివారం పొద్దున చావడి నిండిపోయింది. మగవాళ్ళు కింద కూర్చున్నారు. ఆడవాళ్ళు చుట్టూ మిద్దెల మీదికి ఎక్కారు. ఓబయ్య అందరికంటే ముందు వరుసలో, గొడుగు నిలబెట్టి దాని పిడి మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. ఇంకొక్క మాట అడ్డంగా వస్తే ఆమె సామాను వీధిలో వేస్తానని ఇంట్లో చెప్పి వచ్చాడు. బాలస్వామికి కుర్చీ వేశారు. కమలాక్షి మిద్దె మీద అమ్మ వెనక నిలబడి, ఇప్పుడే నేల చీలి తనను మింగితే బాగుండునని అనుకుంది.

లూదియమ్మ చదవడం మొదలుపెట్టింది. ఒక్కరి పేరూ లేదు. అంతా నంబర్లే.

"ఇరవై రెండో నంబరు ఇల్లు. ఇచ్చింది పట్టుచీర. చూడలేదు. పద్నాలుగో ఇల్లు చెప్పింది."

మిద్దె మీదినుంచి సుబ్బలక్ష్మమ్మ అరిచింది. "నేను పట్టుచీర అనలేదమ్మా! పట్టుచీర లాంటిదన్నా!"

చావడి అంతా తల తిప్పి ఆమె వైపు చూసింది. ఇరవై రెండో నంబరు ఎవరి తలుపు మీద ఉందో అప్పటిదాకా ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

"దిద్దుతా," అంది లూదియమ్మ, రాసుకుంటూ. "పట్టుచీర లాంటిది. అదన్నా చూసినావా?"

"ల్యా."

"పద్నాలుగో ఇల్లు. ఉంగరం. చూడలేదు. ఏడో ఇల్లు చెప్పింది."

"నేను పూలన్నా!" అని ఎవరో గొణిగారు.

"నువ్వు పూలన్నావు. పద్నాలుగో ఇంటికి పోయేసరికి ఉంగరమైంది. ముప్పయ్యో ఇల్లు, రేడియో."

నవ్వులు లేచాయి. ముసలాయన కూడా నవ్వాడు. "నాకు చెవుడమ్మా, ఏందో అన్నారు, నేనదే అనుకున్నా."

ఒక్కో నంబరు వస్తుంటే ఒక్కో తల వంగింది. నలభై ఒకటో నంబరు ఇల్లు కాదు, జీపు అని ఆమె చదివినప్పుడు బాలస్వామి కుర్చీలో కదిలి జేబురుమాలు తీసుకున్నాడు.

"విన్నోళ్ళు నలభై ఒక్కరు," అంది లూదియమ్మ. "ఇంగ చూసినోళ్ళు."

పుట తిప్పింది.

"ఒకడు. ఆళ్ళగడ్డ బస్టాండులో టీ అంగడి పుల్లయ్య. ఆ పొద్దు బస్సు పక్కనే నిలబడి ఉన్నాడు. నేను పిలిస్తే వచ్చినాడు, ఆడ కూర్చున్నాడు. లేయప్పా, నువ్వేం చూసినావో చెప్పు."

వెనక వరుసలోంచి భుజాన మసిగుడ్డ వేసుకున్న మనిషి లేచాడు. ఇంతమందిని చూసి బెదిరాడు. "నేను... గొడుగమ్మా. కండక్టరు ఆ పాపకు ఒక గొడుగిచ్చినాడు. మీ నాయన పొద్దున మర్సిపోయినాడు, ఇంద, అన్నాడు. అంతే. దాని పిడికి తెల్లదారం చుట్టి ఉండె."

అందరి కళ్ళూ ఒక్కసారిగా ఒక్క చోటికి తిరిగాయి. ఓబయ్య గడ్డం కింద నల్లగొడుగు. పిడికి తెల్లదారం.

ఓబయ్య గడ్డం ఎత్తి గొడుగు వైపు చూశాడు. ఇది బస్సులో మరిచింది ఎప్పుడు, ఇంటికి వచ్చింది ఎట్లా అని రెండేళ్ళలో ఒక్కసారి కూడా అతను అనుకోలేదు. "ఇది నా దగ్గరే ఉండె గదా," అన్నాడు మెల్లగా. "నేను యాడ మర్సినా? ఆ పొద్దు నేను మర్సింది..."

"మర్సిపోయినావు," అని పైనుంచి ఒక సన్నని గొంతు వచ్చింది.

అందరూ తలెత్తారు. కమలాక్షి మిద్దె అంచుకు వచ్చి నిలబడింది.

"నాయనా. కండక్టరు నాకు ఏందో ఇచ్చినాడని నన్ను బడి మాన్పినావు. నువ్వు చూసినావా?"

ఎప్పుడో ఒకసారి ఆ పిల్ల గొంతు విన్న గుర్తు కూడా ఊళ్ళో చాలామందికి లేదు.

ఓబయ్య గొడుగు విప్పాడు, మూశాడు. చావడి పైకప్పు కింద ఎండా లేదు, వానా లేదు. చివరకు లేచి నిలబడ్డాడు.

"ల్యా," అన్నాడు. "చూడలేదు."

జేబులోంచి హెడ్మాస్టరు కబురు తీసి మడత విప్పాడు. "జూన్ రెండో తేదీ అన్నాడు. నేనే తీసుకపోతా." గొడుగు చంకన పెట్టుకుని, "గొడుగు మాత్రం ఇంట్లో పెట్టి పోతా" అన్నాడు. ఈసారి మిద్దెలన్నీ నవ్వాయి.

లూదియమ్మ పెన్సిలు తిప్పి, నీలం కొనతో చివరి మాట రాసింది: "తప్పు ఒప్పుకున్నాడు. చూసినది."

బాలస్వామి లేచి, జీపు దగ్గరికి నడుస్తూ, "ఉద్యోగం సంగతి తర్వాత చూస్తాం" అన్నాడు. రిపోర్టు మాత్రం తానే అడిగి తీసుకున్నాడు. ఆమె ఉద్యోగం పోలేదు. పెన్సిళ్ళు ఎక్కువ ఖర్చు చేస్తోందని మాత్రం ఒక మెమో వచ్చింది.

ఆ మధ్యాహ్నం కృష్ణమ్మ కొట్టంలోకి నీళ్ళు తెచ్చింది. ఇంట్లో వాడే రాగిచెంబులో. మంచం పక్కన పెట్టి వెళ్ళిపోయింది. లూదియమ్మ నోటుబుక్కు మొదటి పుట తీసి, రాసిన మొదటి మాటను కొట్టేయలేదు. దాని కిందనే తేదీ వేసి ఇంకో మాట రాసింది.

కమలాక్షి తనకంటే రెండేళ్ళు చిన్న పిల్లల మధ్య మోకాళ్ళు ముడుచుకుని ఎనిమిదో తరగతి బెంచీ మీద కూర్చుంది. ఆ దసరా సెలవుల్లో లూదియమ్మకు ఆఫీసులో వయసు రుజువు కావలసి వచ్చింది. నంద్యాల పోయి చర్చి పుస్తకంలోంచి పుట్టిన తేదీ రాయించుకు రమ్మని కమలాక్షిని ఓబయ్యతో పంపింది.

పుస్తకాలున్న గదిలో ఒక ముసలాయన ఉన్నాడు. పేరు కొండయ్య. ఒకప్పుడు అక్కడ గంట కొట్టేవాడు. తేదీ రాసిచ్చి, "ఆయమ్మ బాగుందా?" అని అడిగాడు.

"బాగుంది తాతా." కమలాక్షి కాగితం మడుస్తూ అడిగేసింది. "ఆమె పెండ్లి రోజు పాదిరిగారిని ప్రశ్న అడిగి పెండ్లి చెడగొట్టుకుందంటారు. నువ్వు చూసినావా?"

కొండయ్య ఆ పిల్ల వైపు పరీక్షగా చూశాడు. "చూసినా. ఆడనే నిలబడి ఉన్నా. పెండ్లికొడుకు మేనమామ లేచి, ఆయమ్మ మీద ఎవరో ఏందో అన్నారంట, అన్నాడు. ఎవరని గాని, ఏందని గాని ఒక్కరూ అడగలేదు. ఊరకే లేచి పోయినారు."

"ఆమె ఏమనింది?"

ముసలాయన చెప్పాడు. కమలాక్షి విన్నది.

ఊరికి తిరిగి వచ్చేసరికి లూదియమ్మ కొట్టం ముందు కూర్చుని పెన్సిలు చెక్కుతోంది. కాగితం అందుకుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి దించింది.

"తేదీ నువ్వు చూసినావా?"

"చూసినా."

"ఇంగేమన్నా చూసినావా?"

"చూసినోళ్ళను చూసినా," అంది కమలాక్షి.

లూదియమ్మ చెక్కుతున్న చేయి ఆగింది. తర్వాత నవ్వు దాచుకోవడానికన్నట్టు తల వంచి, పెన్సిలు ఆమె వైపు చాచింది. నీలం కొన ముందుకు తిప్పి ఇచ్చింది.

"ఐతే రాసుకో."

కమలాక్షి తన ఎనిమిదో తరగతి నోటుబుక్కు చివరి పుటలో రాసింది: "ఆ రోజు చర్చిలో లూదియమ్మ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగడం మరుసటి రోజునుంచి మొదలుపెట్టింది."